ఆదివారం ఆరింటికి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక ఆదివారం బంద్. యూనివర్సిటీలో వదిలిన టియర్ గ్యాస్ గాలికి తార్నాక బస్టాప్ దాకా వచ్చింది. సాయంత్రం పాలకోసం మా క్వార్టర్స్ నుంచి నడిచొచ్చిన నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. పక్కనే ఒకాయన తడి చేతిరుమాలుతో ఆరేళ్ల కూతురి కళ్లు తుడుస్తున్నాడు. ఉప్పల్ నుంచి నడిచే వస్తున్నారట.

"బస్సుల్లేవు కదండీ, ఎక్కడిదాకా?" అన్నాను.

"లాలాపేట్. నేనూ వీళ్లమ్మా విడిపోయినం. ఆదివారం ఆరింటికి పాపను ఆమెకు అప్పజెప్పాలె."

"ఇంత గొడవలోనా? రేపు తీసుకొస్తానని ఫోన్ చేస్తే సరిపోయేదిగా."

"చేస్తె సరే అంటదక్కా. కానీ రాత్రంత నిద్రపోదు. పదేండ్లు ఒక్కింట్ల ఉన్నం, నాకు ఎర్క లేదా?"

సీసాలో మిగిలిన నీళ్లతో రుమాలు మళ్లీ తడిపి పాప మొహానికి కట్టాడు. తన కళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పాపను భుజాలమీద ఎక్కించుకుని లాలాపేట్ వైపు నడిచాడు.

ఆ ఆదివారం మా అమ్మాయి కూడా వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాలి. ఆయన ఉండేది మెట్టుగూడలోనే, నడిస్తే అరగంట. బస్సుల్లేవు, పంపలేనని పొద్దున్నే ఫోన్‌లో చెప్పేశాను.

ఆయన సరే అన్నాడు.