నాన్న కెమెరా నంబరు కోసం భవానీపురం దాకా

నాన్న పోయిన నలభై రోజులకు ఆయన కెమెరా తీసుకుని బెజవాడ బయల్దేరాను. అవనిగడ్డలో ఉదయం ఆరుంపావు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది.

నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటే ఉంది. చర్చి మెట్ల మీద నన్నెత్తుకుని, ఎదురుగా ఉన్న మనిషిని చూసి పక్కున నవ్వుతూ ఉంటుంది. “నేనే తీశాన్రా” అనేవారు నాన్న. “ఆ కెమెరా అక్క పోయాకే కొన్నాడు బావ. స్టూడియో ఆయనెవరో తీసుంటాడు” అనేది పిన్ని. నాన్న ఉన్నన్నాళ్లూ నేనా మాట పట్టించుకోలేదు. ఆయన పోయాక మాత్రం ముల్లులా గుచ్చుకోసాగింది. నాన్న నాతో అబద్ధం చెప్పారా?

పాత కెమెరా మీది నంబరును బట్టి అది తయారైన ఏడాది చెప్పొచ్చట. నాన్న రిపేరుకు వెళ్లే బెజవాడ భవానీపురం సాహెబు గారు ఇప్పుడు లేరు గాని, కొడుకు సలీం గారు అదే పని చేస్తున్నారు. ఫోన్ చేస్తే “తీసుకురండి, చూద్దాం” అన్నారు.

చల్లపల్లిలో ఎక్కిన పెద్దావిడ నా ఒళ్లోని తోలు పెట్టె వంక చూసింది. “ఏంటయ్యా, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నావు?”

“మా నాన్న కెమెరా, అమ్మా.”

“పనిచేస్తదా? అయితే ఉయ్యూరులో దిగేలోపు నాదొకటి తీయి.”

ఫిల్ము లేదంటే చిన్నబుచ్చుకుంది.

ఎనిమిదిన్నరకు బస్టాండులో దిగి ఇడ్లీ తిని, ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే సిటీ బస్సెక్కాను. కుమ్మరిపాలెం సెంటర్లో దిగి పది నిమిషాలు నడిస్తే సలీం గారి ఇల్లు. ముందు గదే దుకాణం. నాన్న సంగతీ, ఆ ఫొటో సంగతీ చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు. “మాస్టారబ్బాయా మీరు! ఎప్పుడొచ్చినా నాకు బందరు లడ్డూ తెచ్చేవారండీ.”

కెమెరా ముందున్న నంబరును భూతద్దంతో చదివి, అరిగిపోయిన నోటుపుస్తకం తీశారు. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఏ ఏడాది తయారయ్యాయో అందులో వరుసగా రాసి ఉంది. ఆయన వేలు ఆగిన చోట చూశాను. అమ్మ పోయిన రెండేళ్ల తర్వాతి ఏడాది.

పెట్టె మూయబోయాను.

“ఆగండాగండి. అది బాడీ నంబరు. లెన్సుకి వేరే ఉంటది.” ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండు లెన్సుల్లో కిందిదాని చుట్టూ చెక్కిన సన్నటి అంకెలు చదివి, ఇంకో పేజీ తిప్పారు. కనుబొమలు పైకి లేచాయి. “ఇది ఆరేళ్లు ముందుదండీ. లెన్సు బాడీకంటే కాస్త ముందే తయారవుద్ది, నిజమే. కానీ ఆరేళ్లా? ఇదీ అదీ ఒక జత కాదు.”

ఆయన కెమెరా ఒంటికి అంటించిన తోలు అంచు మెల్లగా పైకి లేపారు. కింద లోహం మీద ఏదో గీకి ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమారు. “మా అబ్బాజాన్ రాతండీ. చేసిన పని ఇలా లోపల రాసేవారు.”

నేనే చదివాను: ‘అవనిగడ్డ మాస్టారు. ఉప్పు నీళ్లలో బాడీ పోయింది. పాత లెన్సు కొత్తదానికి వేశాను.’

అంటే నాన్నకు అంతకు ముందే ఒక కెమెరా ఉంది. అందులోది ఈ లెన్సే. నేను పుట్టడానికి ఏడాది ముందు తయారైంది.

“ఆ ఫొటో ఈ అద్దంతోనే తీశారని నంబరు చెప్పదండీ,” అన్నారు సలీం గారు, “కానీ మాస్టారు చెప్పారుగా.”

నేను కళ్లు తుడుచుకుంటుంటే లోపలికి కేకేసి టీ తెప్పించారు. ఎంత బతిమాలినా డబ్బులు ముట్టలేదు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోంచేయించి పంపారు.

మూడు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. పామర్రు దాటాక పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

“నేనప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉన్నాన్రా. వచ్చేసరికి కొత్తదే కనబడింది. అదే మొదటిదనుకున్నా. పాపం బావ, ఒక్కసారీ నాకు ఎదురు చెప్పలేదు.”

కిటికీ బయట ఊడ్పులైన పొలాల్లో నీళ్లు మెరుస్తున్నాయి. అమ్మ నవ్వింది నాన్నను చూసే. నాకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాక, ఇన్నాళ్లకు వాళ్లిద్దర్నీ ఒకచోట చూసినట్టనిపించింది.

“ఫొటోలో అంతలా నవ్విందే, ఆయనేం చెప్పుంటారు పిన్నీ?”

“మీ నాన్న ఏం చెప్పినా నవ్వేదిరా అక్క,” అంది.