చిట్టచివర వేసే ఉప్పు

ఆ ప్రయోగశాలలో ఆయన్ని అందరూ ఉప్పు బాబాయి అనేవారు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి, పరిశోధన కోసం గాజు తొట్టెలో ఉంచిన నరాన్నీ కండరాన్నీ బతికించే ఉప్పునీళ్ళు కలపడమే ఆయన పని. మిగతా ఉప్పులన్నీ కరిగాక చిట్టచివర కాల్షియం వెయ్యాలి. ముందే వేస్తే నీళ్ళు పాలలా తెల్లబడి పాడవుతాయి. అందుకే దాన్ని తూచి, పొట్లం కట్టి పక్కన పెట్టుకునేవాడు.

"నీ పొట్లం లేకపోతే నా నరాలకు నోరు లేదు బాబాయ్," అనేది పరిశోధన చేసే అమ్మాయి. నరం కొసలోకి కాల్షియం వెళితేనే అక్కణ్ణించి కండరానికి కబురు అందుతుందని ఆమే విడమరిచి చెప్పింది. నరాల్ని పీడించే విషం తగిలితే అందిన కబురు చెరగదట, కండరం వణుకుతూనే ఉంటుందట. కాల్షియం వెళ్ళే గుమ్మాన్ని ఓరగా మూసి ఆ వణుకు తగ్గించే విరుగుడు కోసం మూడేళ్ళుగా తిండీ నిద్రా మరిచింది. ఆయన నిలబడి తూస్తుంటే స్టూలు జరపడం మాత్రం ఏనాడూ మరవలేదు.

ఆ రోజు ఆయన కలిపిన కొత్త సీసా నీళ్ళలో విరుగుడు కరిగించి, విషం తగిలి వణుకుతున్న కండరం మీద పోసింది. జోల పాడినట్టు అది సద్దుమణిగింది. ఆనందం పట్టలేక వెంటనే ప్రొఫెసరు గారికి చెప్పి వచ్చింది.

బాబాయి మురిసిపోతూ త్రాసు తుడవబోయాడు. దాని వెనకాల పొట్లం కట్టింది కట్టినట్టే ఉంది. చెబితే పిల్ల సంబరం, తన చేతి మీది నమ్మకం రెండూ మట్టిపాలు. చెప్పకపోతే పైవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

"తల్లీ, ఆ సీసాలో కాల్షియం పడలేదు."

ఆమె పొట్లం చేతిలోకి తీసుకుంది. "అయితే మందు గొప్ప కాదన్నమాట. కాల్షియం లేక నరానికే మాట పడిపోయింది."

"తిట్టమ్మా, ముసలి మతిమరుపు."

"తిడితే కరుగుతుందా అది? ఇంకో సీసా కలుపు. ఈసారి పక్కనే కూర్చుని గిల్లుతుంటా."

కాల్షియం వేసిన నీళ్ళలో విరుగుడు కరిగించి పోశారు. కండరం వణుకుతూనే ఉంది.

సాయంత్రం తప్పు ఒప్పుకుందామని బాబాయి ప్రొఫెసరు గది దాకా వెళ్ళేసరికి, లోపల ఆమె గొంతు వినబడింది.

"పొద్దున చెప్పింది నిజం కాదండీ. కాల్షియం వెయ్యడం మర్చిపోయాం."

"అమ్మాయి కాదండీ, మర్చిపోయింది నేను," అంటూ బాబాయి గుమ్మంలోకి వచ్చాడు.

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "సరే, రేపు నీళ్ళు ఎవరు కలుపుతారు?"

"బాబాయే కలుపుతాడండీ," అంది ఆమె.

"మరింకేం. తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి," అన్నారాయన.