మామగారి జీపుకు తొడిగిన గొట్టం

ఆదివారం పూటే మా వీధిలో కరెంటు ఎందుకు తీస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మదనపల్లెలో మా మామగారి పాత జీపుకు స్నార్కెల్ బిగిస్తున్న రోజు కూడా, బానెట్ పక్క రేకుకు బెజ్జం సగం పడగానే కరెంటు పోయింది. వాగుల్లో ఇంజన్ నీళ్లు మింగకుండా, పైకప్పు ఎత్తు నుంచి గాలి పీల్చే గొట్టమే ఈ స్నార్కెల్.

"ఇంజన్‌కు ఏమన్నా అయిందో, మళ్లీ జీపు తాళం అడగొద్దప్పా" అన్నారు మామగారు, ఆ బెజ్జాన్నే చూస్తూ.

కరెంటు వచ్చాక, సాయంత్రానికి బిగించేశాను. "ఏనుగు తొండం మాదిరి ఉండాది, ఊరి కండ్లన్నీ దీనిమీదే" అంటూ మా అత్తగారు దిష్టికని గొట్టం మూతికి పసుపు గుడ్డ చుట్టి కట్టారు. ముచ్చటగా ఉందని ఫోటో తీసింది నేనే.

మరునాడు వానలో మామగారిని ఎక్కించుకుని పుంగనూరు దారిలోని వంకలోకి దిగాను. నడిమధ్యలో ఇంజన్ గుక్కపట్టి ఆగిపోయింది. నీళ్లు తలుపు సగానికి వచ్చాయి. నాకు భయంకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. గొట్టం మూతి నీళ్లకు అంత పైన ఉంది కదా! కిటికీలోంచి చేయి చాచి తడిమాను. పొడిగా ఉన్నంతసేపూ కాస్త గాలి వదిలిన పసుపు గుడ్డ, వానకు తడిసి మూతిని చక్కగా మూసేసింది. ఊడబీకి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. దిష్టికన్నా దిష్టిగుడ్డే ప్రమాదమని ఆ రోజు తెలిసింది.

గట్టెక్కాక, "చూశారా మామా, గొట్టం పనిచేస్తోంది" అన్నాను.

"గొట్టం లేకనే ఈ వంక శానాసార్లు దాటినాను గదప్పా" అన్నారాయన.