చీలమండ కొలత

నలభై ఒక్క ఏళ్లు మైదుకూరులో జాకెట్లు కుట్టాను. నా దగ్గర నిండిన కొలతల పుస్తకాలు పంతొమ్మిది ఉన్నాయి. ఇరవయ్యో పుస్తకంలో మాత్రం ఒక్క జాకెట్టు కొలత కూడా లేదు. అందులో ఉన్న కొలతలన్నీ నా కూతురి కాళ్లవే.

కూతురు కర్నూలులో టీచరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం. తనకు ముప్పై మూడు, నాకు అరవై ఆరు. తొలి కాన్పుకని ఏడో నెలలో, ఏప్రిల్ తొమ్మిదిన, అల్లుడు తీసుకొచ్చి మా ఇంట్లో దిగబెట్టాడు. బస్సులో నాలుగు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చోవడంతో చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది. నేను ఆరు లెక్కపెట్టేదాకా అది పూడలేదు.

మా ఆయన అక్క పక్కింట్లోనే ఉంటుంది. నలుగురు పిల్లల్ని కన్న మనిషి కాబట్టి ఇలాంటి విషయాల్లో ఆమె మాటే మాట. వచ్చి కాళ్లు చూసి తేల్చి చెప్పింది.

"నీరు పట్టింది మే. రేపట్నుంచి నీళ్లు తగ్గించు. మనం పోస్తాంటే అవి దిగుతానే ఉంటాయి."

నాకూ అది సరైన లెక్కగానే తోచింది. పట్టింది నీరే అయినప్పుడు నీళ్లు ఆపితే పోవాలి కదా అనుకున్నాను. రోజుకు నాలుగు గ్లాసులని ఖాయం చేసి, ఇచ్చిన ప్రతి గ్లాసుకూ ఆ ఇరవయ్యో పుస్తకంలో ఒక గీత గీశాను. ఆ ఎండల్లో మూడు రోజులు అలా గడిచాయి. పిల్ల పెదాలు పగిలాయి. వాపు వాపులాగే ఉంది.

నాలుగో రోజు మా వీధి ఆశా కార్యకర్త వచ్చి ఆ గీతలు చూసింది.

"ఏందవ్వా ఇది, నీళ్లకు కూడా రేషనా?"

"కాళ్లకు నీరు పట్టింది కదమ్మా."

"పేరు నీరైతే తాగే నీళ్లు మానాలంటే ఎట్లవ్వా? ఎండకు ఒళ్లు ఆరిపోతే లోపల బిడ్డకు కష్టం. దప్పికైనప్పుడంతా తాగనీ."

తర్వాత నిదానంగా వివరించింది. సాయంత్రానికి వాపు పెరిగి, పడుకుని లేచేసరికి తగ్గితే అది చాలామందికి ఉండేదే. కాళ్లు ఎత్తు మీద పెట్టుకోవాలి, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి, కాళ్లు వేలాడేసి ఎక్కువసేపు కూర్చోకూడదు. పొద్దుటికి తగ్గకపోయినా, ముఖానికీ చేతులకూ వాపు వచ్చినా, తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

"తగ్గేది, పెరిగేది అంటే ఎంత?" అని అడిగాను.

"చూస్తే తెలుస్తాదిలే అవ్వా."

చూపుతో కొలత తీసి కత్తెర వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ సాయంత్రమే టేపు తీశాను. చీలమండ ఎముకకు రెండు వేళ్ల పైన, టేపు రోజూ ఒకే చోట పడేలా, రెండు కాళ్లకూ కాటుక చుక్కలు పెట్టాను.

"కాళ్లకు దిష్టి చుక్కలేందిమా? నేనేమన్నా నీ దగ్గర జాకెట్టుకిచ్చిన గుడ్డనా?" అంది కూతురు.

"గుడ్డయితే కదలకుండా ఉండేది. నువ్వు కదులుతాండావు" అన్నాను.

కుట్టగా మిగిలిన ముక్కలతో మందమైన దిండు కుట్టి కాళ్ల కింద పెట్టాను. కాళ్లకున్న వెండి పట్టీలు తీయించాను. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి కొలత. సాయంత్రం తొమ్మిదీ ముక్కాలు అంగుళాలు ఉంటే పొద్దుటికి తొమ్మిదింపావుకు దిగేది. ఒక్కోసారి సాయంత్రం పది ఉండేది, అయినా తెల్లారేసరికి తగ్గేది. ముప్పై ఆరు పొద్దులు అలా తగ్గింది. ప్రతి బుధవారం కూతురు ఆశా కార్యకర్తను తోడు తీసుకుని పోయి బీపీ చూపించుకొచ్చేది, అదీ బాగానే ఉండేది.

మే ఇరవై, మంగళవారం. ముందు రోజు సాయంత్రం పది ఉన్న కొలత పొద్దున పదిన్నర అంగుళాలు అయింది. రెండు కాళ్లూ అంతే. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను. శ్రీమంతానికి వేసిన గాజులు చెయ్యి ఆడిస్తే కదలడం లేదు.

"తల నొస్తాందిమా" అంది కూతురు.

మా వదిన గుమ్మంలో నిలబడింది. "ఎండకు అందరికీ నొస్తాది. మంగళవారం పూట కడుపుతో ఉండే పిల్లను గడప దాటిస్తావా? రేపు ఎట్లా బీపీ చూస్తారు కదా."

"రేపటిదాకా ఆగమని ఆ బీపీకి నువ్వు చెప్తావా వదినా?"

ఆమె మాట నేను కాదనడం అదే మొదటిసారి. అయినా వదినే పోయి వీధి చివర కారును పిలుచుకొచ్చింది, ముందు సీట్లో తనే ఎక్కి కూర్చుంది.

కడపలో ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదిన్నర. బీపీ నూట డెబ్బై మీద నూటపది. డాక్టరమ్మ వాపు ఎన్నాళ్లుగా ఉందని అడిగితే పుస్తకం చేతికిచ్చాను. నిలబడే రెండు పేజీలు చదివింది.

"మీరు నర్సుగా చేసినారా?"

"టైలర్నమ్మా."

"టేపు బీపీ చెప్పదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ ఈ రోజు మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది ఇదే. రేపటిదాకా ఆగుంటే ఫిట్స్ వచ్చేవేమో."

నీళ్లు తగ్గించిన మూడు రోజుల గీతలు కూడా ఆమె చూసింది. ఇది తప్పు అని వేలు పెట్టి చూపించింది. అవునన్నాను. ఆ పేజీ ఇప్పటికీ చించలేదు.

కాన్పు దాకా పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. జూన్ ఎనిమిదిన ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఆ వార్డులో మా వదిన నన్ను ఎవరికి చూపించినా ఒకటే మాట.

"మా మరదలు. టేపుతో చూసి బీపీ పట్టుకునింది."

డాక్టరమ్మ కాదని చెప్పిన మాటే అది. దిద్దాల్సింది, దిద్దలేదు. వినడానికి బాగుంది.

కాన్పయ్యాక బీపీ పూర్తిగా దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున నా కూతురు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి వరండా చివరిదాకా నడిచింది. నేను వెనకనే పోతూ అడుగులు లెక్కపెట్టాను. పోవడానికి నలభై రెండు, రావడానికి నలభై రెండు.