ఏసీ గదిలో కల్యాణి ముగ్గు

మొన్న బోయిన్‌పల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మండపం వెనక గోడంతా ఒకటే తెర, సన్నాయి పలుకుతుంటే దానికి తగ్గట్టు ఆ తెరమీద రంగులు పొంగుతూ పువ్వులు విచ్చుకుంటూ ఉంటే, పక్క కుర్చీలోని మా ఆడపడుచు ఎంత ముచ్చటగా ఉందో చూడమని మోచేత్తో పొడుస్తూనే ఉంది, నేను మాత్రం అక్షింతలు వేసేదాకా కూడా కూర్చోలేక బయటికొచ్చి, కార్లు పెట్టే చోట అటూ ఇటూ తిరిగాను. భోజనాల దగ్గర ఒంట్లో బాగాలేదా అని అందరూ అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. ఇలాంటి తెరనే ఒకప్పుడు మేం నలుగురం కలిసి తయారుచేశామనీ, అది కనబడితే నాకు ఈనాటికీ కాలు నిలవదనీ పెళ్ళివాళ్ళకు ఏం చెప్పను? నా ఈడువాళ్ళైన మీకైతే చెప్పుకోవచ్చు.

కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందర్నీ హడలగొట్టి, చివరికి ఏమీ కాకుండా గడిచిపోయిన ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే, ఏ ఇంటికెళ్ళినా ఫలానావారి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందంటూ పెట్టే మిఠాయే, తినీ తినీ నాకు ఆ పాలకోవా అంటేనే మొహం మొత్తింది. మాది విజయనగరం వైపు, నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాద్ చేరి అల్వాల్‌లో స్థిరపడ్డాం. నాతోపాటు చదివినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల వెంట పరుగెడుతుంటే, నేనొక్కదాన్నీ విశ్వవిద్యాలయం వాళ్ళ రీసెర్చి ప్రాజెక్టులో చేరి కూర్చున్నాను. కూర్చున్నానని అనడమే గానీ నిజానికి ఒక్కచోట కూర్చున్నది లేదు. రోజూ పొద్దున బస్సులో వెళ్ళేటప్పుడు ఇదే చివరి వారం అనుకోవడం, సాయంత్రానికి అక్కడే ఉండిపోదామనుకోవడం, రాత్రి అన్నం కలుపుకుంటూ మళ్ళీ మొదటికి రావడం.

ఆ ప్రాజెక్టు సంగతి చెబితే అప్పట్లో చాలామంది నవ్వేవారు. మా ప్రొఫెసరు గారు లెక్కల మనిషి, సంగీతమంటే ప్రాణం. వీణ మీద పలికిన ప్రతి స్వరాన్నీ కంప్యూటరు విని తెరమీద ఒక చుక్క పెట్టాలి, ఆ స్వరాన్ని ఊపి పలికించే గమకం వచ్చినప్పుడు చుక్కల చుట్టూ మెలిక తిప్పుకుంటూ గీత సాగాలి, ఆలాపన పూర్తయ్యేసరికి ఆ రాగం ఒక మెలికల ముగ్గై తెరనిండా పరుచుకోవాలి, ఇదీ ఆయన కోరిక. ఆ ముగ్గుల బొమ్మలు గీసిపెట్టడానికి చిత్రకళ చదువుకున్న ఒకావిడ వచ్చేది. ప్రోగ్రాము రాయడానికి నేనూ, నాకంటే ముందు చేరిన, నేను అన్న అని పిలిచే బోయిన్‌పల్లి అబ్బాయీ ఉండేవాళ్ళం. అన్న వాళ్ళ నాన్నకు అక్కడి మార్కెట్లో కూరగాయల టోకు దుకాణం, రీసెర్చి కుదరకపోతే వచ్చి ఉల్లిగడ్డ బస్తాల దగ్గర కూర్చోమని ఆయన రోజూ గుర్తుచేసేవాడట. ఇక వీణ వాయించింది మా పెద్దమ్మ.

పెద్దమ్మ రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడమీద వాటాలో ఉంటూ పిల్లలకు వీణ నేర్పేది. నాకూ చిన్నప్పుడు నేర్పింది, కాలాడించకుండా కూర్చోవడం ఎప్పటికీ రాదు దీనికి అని విసుక్కుంటూనే నేర్పింది. మా కంప్యూటరు గది ఆమెకు బాగా నచ్చింది. దుమ్ము పడుతుందని అందరం చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం కదా ఆ రోజుల్లో, అది చూసి ఇదేదో గుడిలా ఉందే అని సంతోషపడి, వచ్చిన ప్రతిసారీ గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకుని మరీ అడుగుపెట్టేది. తను వాయించిన కల్యాణి రాగం తెరమీద ముగ్గుగా విచ్చుకోవడం మొదటిసారి చూసినప్పుడు లేచి తెర దగ్గరికంటా వెళ్ళింది. తరవాత, ఆ మూల మెలిక నేను వాయించినదానికంటే కాస్త మొండిగా వచ్చింది, మళ్ళీ వాయిస్తాను చూడండి అంది. ఆమె మళ్ళీ వాయించింది, మెలిక మెత్తబడింది, ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంతలో మా గదికి ఎసరొచ్చింది. ఫీజులు కట్టి చేరే కంప్యూటర్ కోర్సులకు గదులు చాలడం లేదనీ, ముగ్గులు వేసుకునేవాళ్ళకు ఏసీ గది ఎందుకనీ పైవాళ్ళలో గుసగుసలు మొదలై, చివరికి పెద్దలంతా వచ్చి చూస్తారని, వాళ్ళకు నచ్చితే గది ఉంటుందని, లేకపోతే ఖాళీ చెయ్యాలని కబురొచ్చింది. గది పోతే ప్రాజెక్టు లేదు. ప్రొఫెసరు గారికి రిటైర్మెంటు దగ్గరపడింది, మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు. నాకైతే, నవ్వకండి, గది పోతేనే బాగుండుననీ అనిపించేది, పోతుందంటే ఏడుపూ వచ్చేది. ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచి, రమ్మంటే ఎప్పుడు చేరతావని అడిగి ఉన్నారు.

ప్రదర్శన రోజు పొద్దున్నే మా తెలివితక్కువతనం బయటపడింది. అన్నాళ్ళూ పరీక్షలన్నీ ఏసీ కట్టేసే చేశాం, దాని మోత రికార్డింగులో పడుతుందని. ఆ రోజు ఎండాకాలం, పెద్దలొస్తున్నారు, ఏసీ ఉండి తీరాలి. ఆ చలికి తీగలు బిగుసుకుని శ్రుతి తప్పిపోయాయి. పెద్దమ్మ కంగారేమీ పడకుండా, తీగ తెగకుండా కాస్త కిందికి దించి, ఎక్కడ హాయిగా నిలబడితే అక్కడే ఆధార స్వరమైన షడ్జమం పెట్టుకుని మిగతా తీగలన్నీ దానికి కలిపేసుకుంది, మన వైణికులు ఎప్పుడూ చేసే పనే కదా. మా కంప్యూటరుకు మాత్రం షడ్జమం ఒక్కచోటే ఉంటుందని మేం నేర్పి ఉంచాం. సంగీతం తెలిసిన ఇంతమందిమి ఉండీ, పాడేవాళ్ళు షడ్జమం ఎక్కడ పెడితే అదే షడ్జమం అన్న సంగతి యంత్రానికి చెప్పడం మరిచాం. ఆమె వాయించినదల్లా తెరమీద వంకర టింకరగా, కాకి కెలికినట్టు పడింది. ప్రొఫెసరు గారు తల పట్టుకున్నారు, దాన్ని సరిచెయ్యడానికి రోజులు పడతాయి. ఎలాగోలా జరిగేది జరుగుతుందని ఆయన అతిథులకు ఎదురెళ్ళారు.

నేను తంబురా పట్టుకుని పెద్దమ్మ వెనక కూర్చున్నాను. స్పీకర్లు మా ముందు, జనం వైపు తిరిగి ఉన్నాయి. ఆమె మొదటి షడ్జమం మీటిందో లేదో, స్పీకర్లలోంచి ఇంకో వీణ మొదలైంది. పాత శ్రుతిలో, పిసరు పైన, మా ఇద్దరి చెవుల్లో గరగరమని రాసుకుంటూ. తెరమీద చుక్కలు చక్కగా వరస కట్టాయి. పెద్దమ్మ కంప్యూటరు దగ్గర కూర్చున్న అన్న వైపు చూసింది, అతను తల దించుకున్నాడు, అప్పుడు నాకూ అర్థమైంది. అంతకుముందు వారం ఏసీ కట్టేసి చేసిన రికార్డింగు నడుస్తోంది, ఆమె వీణ దగ్గరి మైకు దేనికీ తగిలించి లేదు.

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. పౌరుషం గల మనిషి, పెళ్ళిళ్ళలో మాట్లాడుకుంటున్నారని కచేరీ మధ్యలో వీణ దించేసిన సందర్భాలున్నాయి. లేచిందంటే మా గది ఆ క్షణంలోనే పోతుంది. కానీ ఆమె కళ్ళు మూసుకుని, స్పీకర్ల మోత తనది కానట్టే, తన శ్రుతిలో తను వాయించడం మొదలుపెట్టింది. చాలా మెల్లగా, నాకూ తనకూ తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. కల్యాణిని ఆమె అలా వాయించడం నేను అంతకుముందు వినలేదు. ఎక్కడా నేర్పరితనం చూపాలని లేదు, తొందర లేదు, ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి, దాన్ని పలకరించి, ఇంకో స్వరం దగ్గరికి వెళ్తున్నట్టు ఉంది. నా వెధవ కాలు కూడా ఆడటం మానేసింది. తరవాత ఒకచోట ఆపి, తీగలమీద అరచెయ్యి పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్పీకర్లలో వీణ మోగుతూనే ఉంది. ముగ్గు పూర్తయింది. అందరూ తెర వైపు చూస్తూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ నమస్కారం పెట్టింది.

వరండాలో చెప్పులు వేసుకుంటుంటే అన్న నా వెనకే వచ్చాడు.

"ఏం జెయ్యాలె చెల్లే, ముగ్గు వంకరొస్తె రూము పోతుండె. సార్‌కు సుత చెప్పలే. అమ్మను జెర నువ్వే సముదాయించు" అన్నాడు.

ఆటోలో నేను అతన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే పెద్దమ్మ బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ కుర్రాణ్ణి ఏమీ అనకే, మీ గది నిలబడింది కదా" అంది చివరికి. "నేను చెయ్యి తీసేసి కూచున్నా ఒక్కళ్ళూ ఇటు చూళ్ళేదు. అదొక్కటే ఏటోలా ఉంది."

గది నిలబడింది. మళ్ళీ దాని జోలికి ఎవరూ రాలేదు. మేమే ఒక్కొక్కరం దాన్ని వదిలేశాం. వర్షాకాలం రాకముందే నేను ఆ కంపెనీలో చేరిపోయాను, చేరి మిఠాయి పంచాను, ఇదే చివరి వారం అనుకునే అలవాటు అక్కడా పోలేదు. ఆ తరవాత అన్నా సాఫ్ట్‌వేర్‌లోకే వెళ్ళాడు. ప్రొఫెసరు గారు షడ్జమం సంగతి ఒంటరిగా సరిచేసి, యంత్రం ఇప్పుడు ముందు శ్రుతి విని ఆ తరవాతే ముగ్గు మొదలుపెడుతోందని నాకు ఫోను చేసి చెప్పారు, మీ పెద్దమ్మ గారిని ఒకసారి తీసుకురమ్మన్నారు. నేను అడిగితే ఆమె నవ్వి, ఇప్పుడు చెయ్యి వణుకుతోందే అంది. వణకడం నాకు తెలిసి అప్పటికింకా మొదలవలేదు. తరవాత నిజంగానే మొదలైంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కచేరీలు రికార్డు చేయించుకునే అలవాటు ఆమెకు లేదు, మనకూ అప్పుడు జేబులో ఫోను లేదు. ఇవాళ నాలుగేళ్ళ పిల్ల సరిగమలు పాడినా పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. పెద్దమ్మ వీణ ఈ లోకంలో మిగిలింది ఒక్కచోటే, అన్న గది వదిలి వెళ్ళేటప్పుడు సీడీలోకి ఎక్కించి నా చేతిలో పెట్టిన ఆ రికార్డింగులో. ఆ రోజు ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేలా చేసిన రికార్డింగే. దాన్నిప్పుడు ఫోనులోకి ఎక్కించుకుని వింటుంటాను, మధ్యలో దూరంగా రైలు కూత కూడా వినిపిస్తుంది. ఎంతో బాగుంటుంది. కానీ నాకు కావలసింది అది కాదు. ఏసీ చలిలో, దించుకున్న శ్రుతిలో, ఎవరికోసమూ కాకుండా ఆమె వాయించిన ఆ కాసేపటి కల్యాణి ఎక్కడా లేదు, నా చెవిలో కొంత ఉంది, వీణ తీసి దాన్ని పట్టుకుందామని కూర్చుంటే వేళ్ళు రెండు మెట్లు దాటేసరికి స్పీకర్లలో మోగిందే చేతికొస్తోంది.