కోడలి బొటనవేలికి గేర్ల సైకిలు

“గేర్ల సైకిలెందుకే నీకు? బస్సువాళ్లు ఆడవాళ్లని ఊరికే ఎక్కించుకుంటుంటే!”

“ఆ బస్సు పొద్దున ఏడింటికొస్తుంది అత్తయ్యా. గోడౌను గేటు ఆరున్నరకే మూస్తారు.”

“అయితే మామూలు సైకిలు తొక్కు.”

“రైల్వే వంతెన ఎక్కేటప్పుడు మీరొచ్చి వెనక నెట్టండి మరి.”

ఇట్లా మా కోడలు కరుణా నేనూ వినుకొండ బస్టాండు దాకా పోట్లాడుకుంటూనే వచ్చాం. దానిది మిరపకాయల తొడిమలు తీసే పని. ఈ నెల్లో రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే ఇంక రావద్దన్నాడు మేస్త్రీ.

సైకిలు కొనడానికి ఎనిమిదింటికి గుంటూరు బస్సెక్కాం. సంగతి విని పక్కసీటావిడ, “సైకిలుకి గేర్లేంటి వదినా, లారీ అనుకున్నారా?” అంది. “ఏదైతే నీకేం, ముందు నీ సంచి నా కాలి మీంచి తియ్యి” అన్నాను.

పదిన్నరకి దిగి, తెచ్చుకున్న పులిహోర బస్టాండులోనే తినేశాం. హోటలువాడికి మనమేం బాకీ లేం.

సైకిళ్ల షాపాయన ముందు చూపించినదానికి హ్యాండిల్ కింద రెండు మీటలున్నాయి. బొటనవేలితో నొక్కితే టిక్కుమని గేరు మారుతుంది. “అందరూ ఇదే కొంటారండి” అన్నాడు. కరుణ నొక్కబోయి చెయ్యి లాగేసుకుంది. తొడిమలు గిల్లీ గిల్లీ దాని బొటనవేలు గోరు పక్కన పుండు పడింది. ఇన్నాళ్లూ నాకు చూపించలేదు, మహాతల్లి.

రెండోదానికి పిడినే తిప్పాలి. కరుణ చెమట చేతికి అది జారిపోయింది. నేను తిప్పితే మూడు గేర్లు ఒకేసారి దూకింది. “నెమ్మది మామ్మగారూ!” అని షాపాయన గుండె పట్టుకున్నాడు.

మూలన దుమ్ము పట్టి ఇంకోటుంది. హ్యాండిల్ పైన ఒకటే మీట. టిక్కూ లేదు, అంకెలూ లేవు. అరచేత్తో నెట్టి, గొలుసు చప్పుడు ఆగేదాకా సరిచేసుకోవాలి.

“అది పాత రకమండి, ఎవరూ అడగరు.”

“మేం అడుగుతున్నాంగా. తగ్గించి చెప్పు.”

“అలవాటయ్యేదాకా గేరు తప్పుద్ది మామ్మగారూ.”

కరుణ మాత్రం అరచేత్తో అటూ ఇటూ నెడుతూనే ఉంది. కొనేశాం. మీరెవరైనా వెళ్తే, ధర అడిగే ముందు తొక్కేవాళ్ల వేళ్లు చూడండి.

మూడింటికి తిరుగు బస్సు. మా ఇద్దరికీ ఉచితం, సైకిలుకి లగేజీ టికెట్టు కొట్టాడు కండక్టరు. “దీన్ని కూడా ఆడదనుకో నాయనా” అన్నాను. “ఆధార్ కార్డు చూపించమను మామ్మా” అన్నాడు. గుంటూరు దాకా వెళ్లి నేను చూసొచ్చిన వింత ఏదైనా ఉందంటే, అది మా కోడలి బొటనవేలే.

మర్నాడు అయిదున్నరకి కరుణ బయల్దేరింది. వంతెన మీద రెండుసార్లు గేరు తప్పి, ఒకసారి దిగి నెట్టుకుంటూ నడిచిందట. ఆరూ ఇరవై అయిదుకి ఫోను చేసి, “లోపలికొచ్చేశా అత్తయ్యా” అని పెట్టేసింది.