చంద్రప్పగారి వయొలిన్‌కు నేను చేసిన ఉపకారం

ముప్పై ఏళ్ల సంగీతాన్ని ముప్పై సెకన్లలో మాయం చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేదంటే ఇదిగో, నా దర్శనం చేసుకోండి.

అప్పట్లో హూడిలో ఒక చిన్న సంగీత సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. పాతకాలపు సింథసైజర్ల, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డుల, ధ్వనులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. నగర్తపేటలో చంద్రప్పగారని, ముప్పై ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్దాయన ఉన్నారు. తన సింథసైజర్‌లో ఆయన స్వయంగా తయారుచేసుకున్న వయొలిన్ ధ్వని మా మేనేజర్ హరితగారికి కావాలి. నెలరోజులు బతిమాలితే, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు.

"ఇంతవరకూ ఎవరి చేతికీ ఇయ్యలేదప్పా. జాగ్రత్త" అని నాకప్పగించి భోజనానికి వెళ్లారు.

స్విచ్ వేయగానే తెర మీద బ్యాటరీ అయిపోతోందని కనిపించింది. నాలో సేవాభావం పొంగింది. అడుగు మూత విప్పి, పాతది పీకి, కొత్తది పెట్టాను. మీట నొక్కితే వయొలిన్‌కు బదులు సైకిల్ హారన్ కూసింది.

"హరితగారూ, బ్యాటరీ మార్చేశాను!"

"ముందు ఆయన సౌండ్లు కాపీ తీసుకున్నావా?"

"తీసుకోవాలా?"

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. ఆ బ్యాటరీ తీస్తే పెట్టెలో దాచినవన్నీ చెరిగిపోతాయట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేనైతే నాలుక పీకేసి, కొండనాలుకకు కొత్త బ్యాటరీ వేశాను.

చంద్రప్పగారు తాంబూలం నములుతూ వచ్చారు.

"సార్, మీ వయొలిన్ పోయింది."

"యాడికి పోతాదప్పా? పెట్టె ఈడనే ఉండాది కదా?"

"పెట్టె ఉంది సార్. లోపలిది పోయింది."

ఆయన మీట నొక్కి విన్నారు. నమలడం ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే.

కాసేపటికి ఆయన చొక్కా చేతులు మడిచి, "కాఫీ తెప్పించప్పా" అన్నారు. ఒక్కో మీటా జరుపుతూ, వింటూ, తల అడ్డంగా ఊపుతూ సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆరింటికి గదంతా వయొలిన్ నిండింది. హరితగారు ఊపిరి బిగబట్టి రికార్డు చేసుకున్నారు.

"పాతదానికంటే బాగుండాది. అప్పుడు పెళ్లిళ్ల తొందరలో సరిగ్గా కుదరలే" అన్నారు ఆయన సంతోషంగా.

నా ప్రాణం లేచివచ్చింది. "సార్, మీకోసం ఏమైనా చేస్తాను, చెప్పండి!"

"నిజంగా చేస్తావాప్పా?"

"తప్పకుండా సార్!"

"అయితే ఏమీ చేయొద్దప్పా. సుమ్మనే ఉండు, అదే చాలు."

కాబట్టి లోకంలోని సమస్త సింథసైజర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అడగని ఉపకారం ఇక ఎవరికీ చేయను. మా ఇంట్లో గోడగడియారం ఆగి నెలైంది. ఆగనీయండి.